మాను పడకూడదు, దిగాలి

పెరట్లో చెట్టు తీయక తప్పనప్పుడు ఇల్లు నిలవాలి, మనిషి క్షేమంగా ఉండాలి, మాను చేతికి దక్కాలి. మల్కాపురం లాంటి ఇరుకు పేటల్లో ఈ మూడింటికీ కావలసిన జాగ్రత్త ఒక్కటే.

దసరా వెళ్లాక వచ్చే మంగళవారం విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది. యాభై, అరవై అడుగుల చింతమాను కొసన పూజారి కూర్చుంటారు. గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు ఆ మాను మనిషిని మోస్తూ వెళుతుంటే కింద లక్షల మంది చేతులెత్తి మొక్కుతారు. ఉత్తరాంధ్రలో పుట్టినవాళ్లకు ఇది కొత్తగా చెప్పే సంగతేమీ కాదు. ఆ మాను అక్కడిదాకా ఎలా వచ్చిందన్నది మాత్రం అంతగా చెప్పుకోం.

పండక్కి కొన్ని వారాల ముందు అమ్మవారు పూజారి కలలోకి వచ్చి, ఫలానా దిక్కున తన చెట్టు ఉందని చెబుతుందని నమ్మకం. వెతుక్కుంటూ వెళ్తే అది ఎవరి కళ్లంలోనో, ఎవరి తోటలోనో, ఎవరి ఇంటి వెనకో దొరుకుతుంది. ఆ ఇంటివాళ్లు కాదనరు. తమ చెట్టును అమ్మ కోరుకుందని సంబరపడతారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పూజ చేశాకే చెట్టు మీద గొడ్డలి పడుతుంది. సిరిమానుకొకటి, ఇరుసుమానుకొకటి, రెండు చింతలు. అవి హుకుంపేట చేరాక వడ్రంగులు చెక్కడం మొదలుపెడతారు.

భక్తిని కాసేపు పక్కన పెట్టి పనివాడి కంటితో చూడండి. ఆ చెట్టును తీసేవాళ్లకు మొదటి దెబ్బ వేయకముందే దాని చివరి పనేమిటో తెలుసు. రేపు ఆ మాను మీద ఒక మనిషి కూర్చోబోతున్నారు. ఎక్కడ నెర్రె ఇచ్చినా అది పనికిరాదు. అందుకే కొమ్మ కొట్టేటప్పుడూ, తాడు కట్టేటప్పుడూ, బండికెక్కించేటప్పుడూ అందరి చూపూ మాను మీదే ఉంటుంది. మన పెరటి చెట్ల విషయంలో లోపించేది ఆ చూపే.

విజయనగరం నుంచి రెండు గంటల ప్రయాణంలో విశాఖలోని మల్కాపురం. ఒకవైపు యారాడ కొండ, ఇంకోవైపు 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై తర్వాత హెచ్‌పీసీఎల్ అయిన రిఫైనరీ, ఆ పక్కన షిప్‌యార్డు, నేవీ స్థలాలు. శ్రీహరిపురం, సింధియా, గాంధీగ్రామం, గుల్లలపాలెం అన్నీ కార్ఖానాల చుట్టూ అల్లుకున్న పేటలే. పల్లెల నుంచి పనికి వచ్చినవాళ్లు గజాల లెక్కన స్థలం కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నారు. వెనక మిగిలిన జాగాలో ఊరి నుంచి తెచ్చిన మామిడి టెంకో, పనస గింజో నాటారు. వేప తనంతట తానే మొలిచింది. ముప్పై నలభై ఏళ్లు గడిచేసరికి చెట్టు మేడ ఎత్తు దాటింది, చుట్టూ ఉన్న ఖాళీ మాయమైంది. ఇటు పక్కింటివాళ్ల వాటర్ ట్యాంకు, అటు రేకుల షెడ్డు, నెత్తిన కరెంటు తీగ, దాని కింద కేబుల్ వైరు, ముందు ఒక ఆటో పట్టేంత సందు. చెట్టు ఎటు పడినా ఎవరో ఒకరి ఇంటి మీదే.

ఇలాంటి చెట్టు తీయాల్సి వచ్చినప్పుడు కొట్టేవాళ్లు పైకీ కిందకీ చూసి ముందుగా అనే మాట ఒకటుంది. "కలప మాకొగ్గేయండి బాబూ, కూలి తగ్గించుకుంటాం." ఇంటాయనకు అది మంచి బేరంలా కనిపిస్తుంది. పెరడు ఖాళీ అయితే చాలనుకుంటాడు. సాయంత్రానికి నలభై ఏళ్ల మాను మూడేసి అడుగుల ముక్కలై వ్యానెక్కుతుంది. మూడడుగులే ఎందుకంటే ఇద్దరు మనుషులు మోయగలిగేది అంతే. ఆ పొడవులో తలుపు రెక్క రాదు, మంచం పట్టె రాదు, బల్ల రాదు. పొయ్యికే వెళ్తుంది.

పనివాళ్లను తప్పు పట్టి ప్రయోజనం లేదు. అయిదడుగుల చుట్టుకొలత, ఎనిమిదడుగుల పొడవు ఉన్న పచ్చి దుంగ నాలుగు క్వింటాళ్లకు పైనే తూగుతుంది. దాన్ని ఎలా దించాలో, ఎలా బయటికి తేవాలో ముందే అనుకోకపోతే ముక్కలు చేయడం తప్ప దారి ఉండదు. పెద్ద బరువు గోడ మీద పడకుండా ఆపే మోకే, అదే బరువు నేలకు తగిలి పగలకుండా కూడా ఆపుతుంది. చెట్టును నిదానంగా దించాలనుకున్న రోజు ఇల్లూ మానూ రెండూ దక్కుతాయి. ధబేలున పడేద్దామనుకున్న రోజు రెండింటికీ ముప్పే.

అసలు తీయాలా?

2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల దాకా వేగంతో హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి, పచ్చటి నగరం ఒక్క పూటలో మోడుగా మిగిలింది. ఆ తర్వాతి రోజుల్లో దారులు తెరవడానికి ఎక్కడికక్కడ మానులు ముక్కలు చేశారు. అప్పుడు మరో దారి లేదు. అంబులెన్సు వెళ్లాలి, నీళ్ల ట్యాంకరు రావాలి. కానీ ఆ రోజుల భయం మనలో మిగిలిపోయింది. కాస్త గాలి వీస్తే ఇంటి వెనక చెట్టు వైపు అనుమానంగా చూడటం అలవాటైంది.

ఆ అనుమానం అన్నిసార్లూ సరైంది కాదు. చెట్టు గాలికి పడిపోవడానికి రెండు పెద్ద కారణాలుంటాయి. పైన గాలిని పట్టే గుబురు ఎక్కువవడం, కింద పట్టు తక్కువవడం. డ్రైనేజీ కోసమనో ప్రహరీ కోసమనో ఒకవైపు వేళ్లు నరికేసి, మిగతా మూడు వైపులా మాను మొదట్లోకంటా సిమెంటు పోసేస్తే వేప కూడా నిలవలేదు. గుబురు సమస్యే అయితే కొమ్మలు పలచబరిస్తే చాలు. అయితే తల నరకొద్దు. మొండి చేసిన చోట నుంచి గుంపుగా వచ్చే కొత్త కొమ్మలు మానులో లోతుగా పాతుకోవు. నాలుగేళ్లకు అవి బరువెక్కి, మొదటి కొమ్మలకన్నా సులువుగా విరుగుతాయి.

తీయక తప్పదని చెప్పే గుర్తులు వేరు. మొదట్లో పుట్టగొడుగులు లేచాయంటే లోపల వేరు కుళ్లుతోందని అర్థం. ఒరిగిన వైపుకు ఎదురువైపు నేల ఉబ్బి బీట వేసిందంటే చెట్టు కదలడం మొదలైంది. రెండు పెద్ద కొమ్మలు చీలే చోట నిలువునా పగులు కనబడితే వచ్చే తుఫాను దాకా ఆగొద్దు. సుత్తితో మాను చుట్టూ తట్టి చూడండి. గట్టి మాను ఖణీమంటుంది, డొల్ల మాను డొప్పు చప్పుడు చేస్తుంది. డొల్ల అని తేలితే కలప ఆశ వదులుకోవాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆ చెట్టు మీదికి మనిషిని ఎక్కించకూడదు. పూర్తిగా ఎండిపోయిన చెట్టుకూ ఇదే నియమం. ఎండిన కొమ్మ ఎప్పుడు తెగుతుందో ఎక్కినవాడికి కూడా తెలియదు.

కాగితం, కరెంటు

మన స్థలంలో మన చెట్టే అయినా కొట్టే ముందు అనుమతి అడగాలి. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ఇందుకే ఉంది. వాల్టా అంటే అందరికీ తెలుస్తుంది. నగరంలో జీవీఎంసీ దగ్గర, కలపకు సంబంధించి అటవీశాఖ దగ్గర ముందే కనుక్కోండి. కలపను లారీ ఎక్కించి ఊరు దాటించాలంటే 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలున్నాయి. కోత మిల్లులకూ 1969 నుంచే నియంత్రణ నిబంధనలున్నాయి కనుక సరైన మిల్లువాడు కాగితం అడుగుతాడు. అడగని మిల్లు కన్నా అడిగే మిల్లే మేలు. టేకు, ఎర్రచందనం, శ్రీగంధం లాంటివైతే మరింత పట్టింపు. చెట్టు నిలబడి ఉండగానే నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి పెట్టుకుంటే ఆ కలప ఎక్కడిదో చెప్పడానికి పనికొస్తుంది.

కరెంటు సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. తీగకు పచ్చి కొమ్మ తగిలితే ఆ కొమ్మలో కరెంటు పారుతుంది. మోకు తడిగా ఉంటే అందులోనూ పారుతుంది. మల్కాపురం సందుల్లో తీగలు కొమ్మల మధ్య నుంచే వెళుతుంటాయి. "జాగ్రత్తగా కొట్టేస్తాం లెండి" అన్న మాట మీద పని మొదలుపెట్టకూడదు. విద్యుత్ శాఖవాళ్లతో ముందుగా మాట్లాడి, లైన్‌మన్ ఎల్‌సీ (లైన్ క్లియర్) తీసుకుని సప్లై ఆపాడని స్వయంగా ఆయన నోట విన్నాకే మనిషి చెట్టెక్కాలి. 1912కు ఫోన్ చేస్తే ఎవరిని కలవాలో చెబుతారు. ఇంటికి వచ్చే సర్వీసు వైరు దారిలో ఉంటే ఆ పూటకు విప్పించండి.

దించడం

బరువును ఆపి, అదుపు చేసి, అనుకున్న చోట దించడం ఈ ప్రాంతానికి కొత్త విద్య కాదు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ సింధియా కంపెనీ షిప్‌యార్డుకు శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష' నీళ్లలోకి జారింది. ఓడల పని అంటే సగం బరువుల పనే. మోకులు, కప్పీలు, చెయిన్ బ్లాకులతో జీవితం గడిపిన కళాసీలు, రిగ్గర్లు ఈ పేటల్లో ఇప్పటికీ ఉన్నారు. చెట్టెక్కేవాడికి తోడుగా కింద మోకు పట్టడానికి అలాంటి అనుభవం ఉన్న మనిషి ఒకరుంటే పని స్వరూపమే మారిపోతుంది. పైవాడి ప్రాణం కిందవాడి చేతిలో ఉంటుంది. కూలి లెక్క చూసి ఈ రెండో మనిషిని తగ్గించొద్దు.

పద్ధతి ఇది. పైన గట్టి పంగకు కప్పీ కడతారు. మోకు ఒక కొస తెగబోయే కొమ్మకు, రెండో కొస కప్పీ మీదుగా కిందకు. కింద దాన్ని మాను మొదట్లో రెండు మూడు చుట్లు తిప్పి పట్టుకుంటారు. ఆ చుట్ల రాపిడే బరువును ఆపుతుంది, చేతుల బలం కాదు. కొమ్మ తెగాక మోకును ఒక్కసారిగా బిగపట్టకూడదు. జారే బరువును ఠక్కున ఆపితే మోకు మీద, పైన పంగ మీద అసలు బరువుకు ఎన్నో రెట్లు పడుతుంది. కాస్త పరుగెత్తనిచ్చి, మెల్లగా నిదానింపజేసి, నేలకు ఆనించాలి. పైనున్న మనిషి ఊగిపోకుండా ఉండేది కూడా అప్పుడే.

కొమ్మను కోసే తీరులోనూ మాను భవిష్యత్తు ఉంది. పైనుంచే కోస్తూ పోతే సగంలో కొమ్మ తన బరువుకు తానే విరిగి, మాను మీది చెక్కను చీరుకుంటూ దిగుతుంది. అందుకే ముందు అడుగు వైపు నుంచి మూడో వంతు కోసి, ఆ తర్వాత కాస్త ముందుకు జరిగి పైనుంచి కోయాలి. మిగిలిన మొండిని తర్వాత తీరిగ్గా మానుకు దగ్గరగా తీసేయొచ్చు. రంపం మిషను పట్టినవాడు నిచ్చెన మీద నిలబడకూడదు. సేఫ్టీ బెల్టు మానుకు కట్టుకుని, రెండు చేతులా మిషను పట్టుకోవాలి. బ్లేడు ముక్కు పై భాగం దేనికైనా తగిలిందంటే మిషను రెప్పపాటులో మొహం మీదికి ఎగిరి వస్తుంది. హెల్మెట్టు, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయించుకునే హక్కు ఇంటివాళ్లకు లేదు. ఆ ఖర్చు మనదేననుకుని ముందే ఇవ్వాలి.

కొమ్మలన్నీ దిగాక ఇరవై అడుగుల మాను ఒంటరిగా నిలబడి ఉంటుంది. అసలు నిర్ణయం ఇప్పుడే. అది ఒరగడానికి దాని పొడవుకన్నా బాగా ఎక్కువ ఖాళీ ఒక వైపైనా ఉంటే మొత్తంగా ఒరిగించవచ్చు. ఒరిగే దారిలో కొట్టిన కొమ్మలు, మండలు దట్టంగా పరవండి. గట్టి నేల మీద, మెట్టు అంచు మీద పడిన మాను పైకి బాగానే కనిపిస్తుంది. మిల్లులో కోసినప్పుడు పలక మధ్యలో అడ్డంగా విరుగు బయటపడుతుంది. కొమ్మల పరుపు ఆ దెబ్బను మింగేస్తుంది.

ఒరగాల్సిన వైపు మాను మందంలో నాలుగో వంతు లోతున విశాలంగా గంటు తీయాలి. ఆ తర్వాత వెనక నుంచి కోత. రెండు కోతలూ కలిసిపోకూడదు. మధ్యలో మందంలో పదో వంతు చెక్క అడ్డంగా మిగలాలి. తలుపుకు కీలులా పనిచేసి మానును అనుకున్న దిక్కుకే వంచేది ఆ పట్టీయే. అది ఒకవైపు తెగిపోతే మాను తిరగబడుతుంది. ముందు గంటు చాలకుండా వెనక కోత మొదలుపెడితే, ముఖ్యంగా ఒరిగి ఉన్న చెట్టయితే, మాను నిలువునా చీలి, చీలిన చెక్క వెనక్కి లేచి కోసేవాణ్ని కొడుతుంది. మనిషీ పోతాడు, మానూ పోతుంది. మాను కదలడం మొదలవగానే కోసేవాడు వెనక్కి ఏటవాలుగా పక్కకు తప్పుకోవడానికి దారి ముందే ఖాళీ చేసి ఉంచాలి. చూడ్డానికి వచ్చిన పిల్లలను వీధి చివరకు పంపించేయండి.

ఖాళీ లేని చోట మానును పైనుంచి భాగాలుగా దించాలి. ఇక్కడే మూడడుగుల ముక్కల ఆశ మళ్లీ పుడుతుంది. పైభాగాన్ని అలాగే చేసుకోండి, పరవాలేదు. పైన ముడులెక్కువ, మందం తక్కువ. కింది ఎనిమిది తొమ్మిది అడుగులను మాత్రం ఒక్క ముక్కగా ఉంచాలి. కొమ్మ మొలవని నిటారు చెక్క అక్కడే ఉంటుంది. సందులోకి రాగలిగితే హైడ్రా క్రేను పెట్టుకోవడం మంచిది. గాజువాక, మల్కాపురం వైపు కార్ఖానాల పనుల కోసం అవి తిరుగుతూనే ఉంటాయి. పన్నెండు టన్నుల క్రేను అన్నారు కదా అని ధీమా పడొద్దు. ఆ సామర్థ్యం బూమ్ దగ్గరగా ఉన్నప్పటిది. గోడ మీదుగా చేయి చాచిన కొద్దీ మోయగలిగేది బాగా తగ్గిపోతుంది. ఎంత దూరం నుంచి ఎంత బరువు ఎత్తాలో ఆపరేటరుకు ముందే చెప్పాలి. స్లింగు బిగిసి బరువు అందుకున్నాకే కింద కోత పూర్తి చేయాలి. వేలాడే దుంగ కింద ఎవరూ ఉండకూడదు.

తుఫానుకు వేళ్లతో సహా ఒరిగిన చెట్టుది వేరే ప్రమాదం. మానును కోసి వేరు చేయగానే, లేచి ఉన్న వేళ్ల దిబ్బ తన బరువుకు గుంతలోకి తిరిగి కూర్చుంటుంది. ఆ గుంతలో మనిషి ఉంటే ఇక అంతే. వంగి బిగిసిన కొమ్మలు తెగగానే కొరడాలా లేస్తాయి. హుద్‌హుద్ లాంటి రోజుల్లో ఈ పని అనుభవం లేనివాళ్లు చేయకూడదు. దారికి అడ్డం లేని మానును నాలుగు రోజులు అలాగే వదిలేసినా కలపకు పెద్ద నష్టం లేదు.

దుంగలో ఇనుము

పెరటి దుంగ అనగానే కోత మిల్లువాళ్లు మొహం చిట్లిస్తారు. అందుకు న్యాయమైన కారణముంది. బట్టల దండెం కోసం కొట్టిన మేకు, ఆవును కట్టిన గొలుసు కొక్కెం, కేబుల్ వైరు బిగించిన స్క్రూ... చెట్టు లావెక్కుతూ వీటన్నిటినీ మింగేస్తుంది. చెట్టు పెరిగేది కొసల్లో, లావెక్కేది బయటి వైపు. కాబట్టి పాతికేళ్ల కిందట భుజమెత్తున కొట్టిన మేకు ఇప్పటికీ ఆ ఎత్తునే, నాలుగంగుళాల లోపల ఉంటుంది. అంటే అన్నిటికన్నా మంచి చెక్క ఉన్న భాగంలోనే. ఒక్క మేకు చాలు, మిల్లు బ్లేడు పళ్లు రాలిపోతాయి. బ్లేడు తెగితే కోసేవాడికి గాయం కూడా కావొచ్చు. కోసిన కొసల్లో నల్లగా, నీలంగా చార కనిపిస్తే అక్కడ ఇనుము ఉందని అనుమానించండి. చెక్కలోని వగరు ఇనుముతో కలిసి ఆ రంగు తెస్తుంది. మెటల్ డిటెక్టరు అద్దెకు దొరికితే పొడవునా తిప్పి, మోగిన చోట సుద్దతో గుర్తు పెట్టి తీయించండి. ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి ఎక్కడెక్కడ ఏం కొట్టారో అడగడం కూడా పనికొస్తుంది. వాళ్లకు గుర్తుంటుంది.

దుంగ దిగిన రోజే రెండు కొసలకూ పాత పెయింటో, కరిగించిన మైనమో దట్టంగా పూయండి. చెక్కలో నీరు పక్కల నుంచి కన్నా కొసల నుంచి చాలా వేగంగా పోతుంది. కొసలు ముందే ఆరి ముడుచుకుంటే నక్షత్రంలా నెర్రెలిచ్చి అడుగు చొప్పున లోపలికి పాకుతాయి. కావలసిన పొడవుకన్నా అరడుగు ఎక్కువ ఉంచమనేది ఇందుకే. దుంగను మట్టి మీద దొర్లించి వదిలేయకుండా రెండు ఇటుకల దిమ్మెల మీద, నీడలో పెట్టాలి. మామిడికి ఆలస్యం అసలు పనికిరాదు. మన ఉక్కకు కొద్ది రోజుల్లోనే నీలి మచ్చ పడుతుంది, వెంటే పురుగు చేరుతుంది. వేప, పనస కొంత ఓపిక పడతాయి.

కలప అడితిలో కొలత ఎలా వేస్తారో తెలుసుకుని వెళ్లండి. దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగుతో భాగించి, వచ్చినదాన్ని దానితోనే హెచ్చించి, పొడవుతో గుణిస్తారు. అరవై అంగుళాల చుట్టుకొలతలో నాలుగో వంతు పదిహేను. పదిహేను పదిహేన్లు 225 చదరపు అంగుళాలు. దాన్ని 144తో భాగించి ఎనిమిదడుగులతో గుణిస్తే 12.5 ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో దాదాపు 16 ఘనపుటడుగుల చెక్క ఉంటుంది. గుండ్రటి దుంగను చదరంగా చేసేటప్పుడు పోయే పక్కలకు ఆ తేడా సరిపోతుందని పాత లెక్క. ఇది మోసం కాదు, వాడుక. అమ్మేటప్పుడైనా, కోత కూలి కట్టేటప్పుడైనా ఏ కొలత మీద మాట్లాడుతున్నారో తేల్చుకుంటే గొడవ రాదు.

మిల్లులో మీరు పక్కనే ఉండండి. మాను నడిబొడ్డు ఏ పలకలోనూ రాకుండా కోయమనండి. అది ఉన్న పలక ఎప్పటికైనా పగులుతుంది. చెక్క ఆరేటప్పుడు వలయాల వెంబడి ఎంత ముడుచుకుంటుందో, వాటికి అడ్డంగా అందులో సగమే ముడుచుకుంటుంది. పగుళ్లకూ వంకరలకూ మూలం ఈ తేడాయే. అంగుళం పలక కావాలంటే అంగుళంపావు కోయించాలి. ఒరిగి పెరిగిన మానులో, పక్కకు చాచిన కొమ్మల్లో చెక్క బిగుసుకుని ఉంటుంది, కోయగానే విల్లులా వంగుతుంది. దానితో తలుపు ఆశ పెట్టుకోవద్దు.

ఆరబెట్టడం

అంగుళం మందానికి ఏడాది అనేది వడ్రంగుల లెక్క. సముద్రం పక్కన ఉన్న మనకు ఇంకాస్త పట్టినా ఆశ్చర్యం లేదు. కొత్త పలకల్లో పురుగుకు ఇష్టమైన పిండి పదార్థం బయటి తెల్లటి పొరలోనే ఉంటుంది. పూర్వం దుంగలను నెలల తరబడి చెరువులో ముంచి ఉంచేది ఆ పిండి నీళ్లలోకి పోవడానికే. ఇప్పుడు మల్కాపురంలో దుంగ ముంచే చెరువెక్కడిది! బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపి వేడి నీళ్లలో కరిగించి, పలకలు పచ్చిగా ఉండగానే బ్రష్షుతో అన్ని వైపులా పూయండి. తడి చెక్కలోకి అది తనంతట తానే ఇంకుతుంది.

పలకలను నేలకు అడుగున్నర ఎత్తున, నీడలో పేర్చాలి. ప్రతి రెండు వరసల మధ్యా అంగుళం మందం పట్టీలు, రెండేసి అడుగుల దూరంలో పెట్టండి. పై వరస పట్టీ కింది వరస పట్టీ మీదే సరిగ్గా నిలవాలి. పట్టీలు అటూ ఇటూ అయితే పలకలు అలలు తేలతాయి. పైన రేకు కప్పి దాని మీద బరువు పెట్టండి, పక్కలు గాలికి వదిలేయండి. టార్పాలిన్‌తో మూట కట్టేస్తే బూజు పడుతుంది. ఆరిందో లేదో చూడటానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. ఒక చిన్న పలకను నెలకోసారి తూకం వేసి గోడ మీద రాయండి. రెండు మూడు నెలలు బరువు తగ్గకుండా నిలిచిందంటే ఆరినట్టే. విశాఖ గాలిలో ఎంత ఆరినా చెక్కలో 12 నుంచి 16 శాతం దాకా తేమ మిగులుతుంది. ఏసీ గదిలో పెట్టే వస్తువైతే అది మరికొంత ముడుచుకుంటుందని మేస్త్రికి చెప్పండి, అతుకుల్లో సందు వదులుతాడు.

ఏ మాను ఏమవుతుంది

ఇక్కడి పెరళ్లలో అన్నిటికన్నా తక్కువ అంచనా వేసే చెట్టు పనస. కోసిన రోజు పసుపుపచ్చగా ఉండే దాని చేవ ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగులోకి తిరుగుతుంది, చెద తొందరగా ముట్టుకోదు. బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేవాళ్లు వెతుక్కునేది ఈ పనసనే. అక్కడి ఏకాండి వీణలో కుండ, దండి వేర్వేరుగా చేసి అతికించరు. ఒకే పనస దుంగలోంచి మొత్తం తొలుస్తారు. నాలుగడుగులకు పైగా పొడవున పగులు లేని, ముడి లేని దుంగ దొరికితేనే ఆ వీణ పుడుతుంది. పెరట్లో పనసను మూడడుగుల ముక్కలు చేసి వ్యానెక్కించినప్పుడల్లా ఒక వీణ కాగల చెక్క పొయ్యిలోకి పోయే అవకాశం ఉందని తెలిస్తే, కూలిలో తగ్గే నాలుగు వందల కోసం ఎవరూ బేరమాడరు.

వేప చేవ ఎర్రగా, గట్టిగా ఉండి తలుపులకూ కిటికీలకూ బాగా పనికొస్తుంది. వేపను అమ్మవారిగా కొలిచే ఇళ్లలో దాన్ని గడపకు వాడాలా వద్దా అన్నది ఇంటి పెద్దలు తేల్చుకుంటారు. నేరేడు నీళ్లలో నానినా త్వరగా పాడవదని పూర్వం బావుల్లో వాడేవారు. స్నానాల గది వాకిలికి అది మంచి ఎంపిక. మామిడి మందు పూసి ఆరబెడితే బల్లలకు, అరలకు సరిపోతుంది కానీ వానకు తడిసే చోట పెట్టొద్దు. పెరటి టేకులో తెల్లపొర ఎక్కువ, చేవ తక్కువ. రంగం నుంచి ఓడల్లో దిగిన బర్మా టేకు గుమ్మాలతో పోల్చుకుని నిరాశపడొద్దు, కుర్చీలకు అది చాలు. కొబ్బరి మానుకు వలయాలుండవు, బయటి అంచు రాయిలా ఉండి లోపల మెత్తగా ఉంటుంది. కింది భాగంలో బయటి చెక్క మాత్రమే తీసుకోవాలి. నిద్రగన్నేరు దొరికితే పలకలు వెడల్పుగా కోయించండి, భోజనాల బల్లకు ఒకే పలక వస్తుంది.

ఇక మిగిలేది నేలలోని మొదలు. గోడ పునాదికి ఆనుకుని ఉంటే పెకలించొద్దు. నేల మట్టానికి కోసి, మట్టి, పేడ కప్పి తడిగా ఉంచితే కొన్నేళ్లకు అదే చివికిపోతుంది. కొత్త మొక్కను ఆ గుంతలో కాకుండా నాలుగడుగులు పక్కకు నాటండి. నెత్తిన తీగ ఉంటే జామ, కరివేపాకు, దానిమ్మతో సరిపెట్టుకోండి. గోడకు పదిహేనడుగుల ఖాళీ ఉన్నవాళ్లు పనసో వేపో పెట్టొచ్చు. మొదటి నాలుగైదేళ్లు మనిషి ఎత్తుకు మించిన దాకా పక్క కొమ్మలను బొటనవేలి మందం కాకముందే తీసేస్తూ ఒకే మాను నిటారుగా పెంచండి. మొదట్లో చుట్టూ నాలుగడుగుల మేర సిమెంటు పోయకుండా మట్టిగానే వదలండి. దండేనికి మాత్రం గోడకు కొక్కెం కొట్టుకోండి.